పద్నాలుగు లంకల పట్నం



ఏదైనా కొత్త ఊరు వెళ్తే మనం ఏం చూసి వస్తాం? కోట, మ్యూజియం, రాజుగారి మేడ. వాటి ముందు నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకుని, దోవలో ఓ బొమ్మో, గాజుల పెట్టో కొనుక్కుని ఇంటికొచ్చేస్తాం. "ఆ ఊరెలా వుంది?" అని పక్కింటావిడ అడిగితే "బాగుంది" అంటాం. అంతకు మించి చెప్పడానికి మన దగ్గర ఏమీ వుండదు. నా మటుకు నాకు ఊరంటే పేటలు. ఏ పేటలో ఎవరుండేవారు, నీళ్ళెక్కడ తెచ్చుకునేవారు, బట్టలెక్కడ ఉతుక్కునేవారు, ఇప్పుడు వాళ్ళంతా ఏమయ్యారు - ఇవి తెలుసుకుంటే గానీ ఊరు చూసినట్టు కాదు. ఈ సంగతి నాకు స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో బాగా తెలిసొచ్చింది. ఇవాళ ఆ ఊరి పేటలన్నీ మీకు తిప్పి చూపిద్దామని వచ్చాను.

ముందు నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా చెల్లెలు ఆ ఊరికి కాపురం వెళ్ళి రెండేళ్ళు దాటింది. మా మరిదిది కంప్యూటరు ఉద్యోగం. ఇది ఇక్కడ టీచరు పని మానుకుని, పాపని చంకనేసుకుని వెళ్ళింది. డిసెంబరులో అక్కడ పొద్దున్న తొమ్మిది కావస్తే గానీ తెల్లవారదు, మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు గుంకుతుంది. ఆ చీకట్లో నాకు ఫోను చేసి, "ఈ ఊరు నాది కాదక్కా" అని ఏడ్చేది. మా మరిది మంచివాడే. కానీ ఆఫీసుకు వెళ్ళిన మనిషి సాయంత్రం దాకా రాడు కదా! చివరికి కిందటేడు జూన్ నెలలో నన్నే రమ్మన్నారు. మూడు వారాలున్నాను.

వెళ్ళి చూద్దును కదా, రెండేళ్ళలో ఇది చూసింది తన ఇల్లు, రైలు స్టేషను, కూరల కొట్టు, పాప బడి. అంతే. "రోజుకో పేట చూద్దాం, పద" అన్నాను. అక్కడ ముఖ్యమైన చోట్ల స్వీడిష్‌తో పాటు ఇంగ్లీషులో కూడా బోర్డులు పెట్టారు. పదో తరగతితో చదువాపిన దాన్ని, ఏదో కూడబలుక్కుని చదువుతాను. మిగతాది అది చదివి చెప్పేది. అలా సాగింది మా యాత్ర.

స్టాక్‌హోమ్ పద్నాలుగు దీవుల మీద వున్న ఊరు. దీవులంటే సముద్రంలో దూరంగా వుండేవనుకోకండి. మన గోదావరిలో లంకలుంటాయే, అలాంటివి. ఒక పక్క మేలారెన్ అనే పెద్ద మంచినీటి సరస్సు, ఇంకో పక్క బాల్టిక్ సముద్రపు ఉప్పునీరు. రెండూ కలిసే చోట ఊరు పుట్టింది. కాగితాల మీద దీని పేరు మొదటిసారి కనిపించేది 1252లో. బిర్గర్ యార్ల్ అనే పాలకుడు ఈ ఊరికి పునాది వేశాడంటారు. 'స్టాక్' అంటే దుంగ, 'హోల్మ్' అంటే చిన్న లంక. దుంగల లంక అన్నమాట! సరస్సు నీటి మట్టం సముద్రం కంటే కాస్త ఎత్తుగా వుంటుంది కాబట్టి, పడవలు అటూ ఇటూ దాటడానికి 17వ శతాబ్దంలోనే లాకులు కట్టారు. విజయవాడ, ధవళేశ్వరం వాళ్ళకి లాకుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ చోటి పేరు ఇప్పటికీ 'స్లుస్సెన్', అంటే లాకు.

మొదటిరోజు పాత ఊరు చూశాం. అక్కడి మాటలో 'గామ్లా స్తాన్' అన్నా అదే అర్థం. పసుపు, ఇటుక రంగు మేడలు ఒకదాన్నొకటి ఆనుకుని వుంటాయి. వీధుల నిండా గుండ్రాళ్ళ పరుపు. నేను మామూలు చెప్పులతో వెళ్ళి సాయంత్రానికి మడమలు వాచి కూర్చున్నాను. వెళ్ళేవారెవరైనా సరే, చీర మీదైనా ఫరవాలేదు, బూట్లు తొడుక్కోండి. పరాయివాళ్ళు నవ్వరు, నవ్వేది మనవాళ్ళే!

ఈ పేట మధ్యలో 'స్టోర్‌టోర్యెట్' అనే చౌకు వుంది. పెద్ద బజారని అర్థం. 1520 నవంబరులో డెన్మార్కు రాజు రెండవ క్రిస్టియన్ విందుకు పిలిచినవారిని పట్టుకుని, ఎనభైమందికి పైగా మనుషుల్ని ఇక్కడే చంపించాడు. అదే చౌకులో ఇవాళ పిల్లలు ఐస్‌క్రీము తింటూ తిరుగుతున్నారు. అక్కడే వున్న పాత భవనంలో కింద నోబెల్ బహుమతుల మ్యూజియం, మేడ మీద స్వీడిష్ అకాడమీ. సాహిత్యానికి నోబెల్ బహుమతి ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆ అకాడమీయే. మన రవీంద్రుడికి 1913లో బహుమతి ఇచ్చారు. ఆయన స్టాక్‌హోమ్ వచ్చి ఉపన్యాసం చేసింది మాత్రం 1921లో.

ఈ పేటలోనే ఊరంతటికీ ఇరుకైన సందు వుంది. పై కొసన వెడల్పు తొంభై సెంటీమీటర్లు. ఎదురుగా మనిషి వస్తే గోడకి అతుక్కోవలసిందే. ముప్ఫయ్యారు మెట్లు. దాని పేరు 'మోర్టెన్ త్రోత్సిగ్' సందు. ఎవరాయన? రాజా, మంత్రా అనుకున్నాం. కాదట. 16వ శతాబ్దంలో జర్మనీ నించి వలసవచ్చి, ఇనుమూ రాగీ అమ్ముకున్న వర్తకుడు! మా చెల్లెలు ఆ బోర్డు రెండుసార్లు చదివింది. "బయట్నించి వచ్చిన వాడి పేరు సందుకి పెట్టారక్కా" అంది. ఆ రోజు ఇంక ఏడుపు మాట ఎత్తలేదు.

ఇప్పుడింత ముచ్చటగా వున్న ఈ పేట వంద, నూట పాతికేళ్ళ కిందట బీదవాళ్ళ ఇరుకు బస్తీ. సందులన్నీ కొట్టేసి తిన్నని రోడ్లు వెయ్యాలని 19వ శతాబ్దంలో ప్లాన్లు కూడా గీశారు. డబ్బు చాలకో, మనసు రాకో ఆ పని జరగలేదు. మరి జరిగిన చోట ఏమైందో కాసేపట్లో చెప్తాను.

రెండోది సోడర్మాల్మ్. దక్షిణపు మెట్ట అని చెప్పుకోవచ్చు. నీళ్ళ ఒడ్డునే నిట్టనిలువుగా లేచిన రాతిగట్టు. పైకెక్కి చూస్తే ఊరంతా పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. ఇది కూలివాళ్ళ పేట, నావికుల పేట. 1723లో కాటరీనా చర్చి చుట్టుపక్కల పెద్ద అగ్నిప్రమాదం జరిగి వందలాది ఇళ్ళు కాలిపోయాయి. ఇకమీదట రాతి ఇళ్ళే కట్టుకోవాలన్నారు. కానీ రాయికి డబ్బెక్కడిది? చివరికి ఊరి అంచున కొండగుట్టల మీద బీదవాళ్ళు కర్ర ఇళ్ళే కట్టుకున్నారు. ఎర్ర రంగు వేసిన ఆ చిన్న ఇళ్ళు 'వీటా బెర్యెన్' గుట్ట దగ్గర ఈనాటికీ వున్నాయి. కిటికీల్లో పూలకుండీలు, వాకిట్లో బత్తెడు జాగాలో ఆపిల్ చెట్టు. 

ఇక్కడే నాకు పడవలు నడిపే ఆడవాళ్ళ కథ తెలిసింది. ఇన్ని లంకలకీ వంతెనలు లేని కాలంలో జనాన్ని ఒక ఒడ్డు నించి మరో ఒడ్డుకి దాటించింది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళు! 17, 18 శతాబ్దాల్లో ఈ రేవుల్లో తెడ్డు వేసిన వాళ్ళంతా ముఖ్యంగా స్త్రీలే. వాళ్ళ నోటికి ఊరు ఊరంతా భయపడేదట. భయపడదూ మరి! ఎండనకా మంచనకా తెడ్డు వేసేవాళ్ళ దగ్గర బేరాలాడితే ఊరుకుంటారా? 19వ శతాబ్దంలో చేత్తో తిప్పే చక్రాల పడవలు వచ్చాయి. వాటిని తిప్పడానికి దాలార్నా అనే పల్లెసీమ నించి ఆడపిల్లలు పనికి వచ్చేవారు. ఆ తరవాత ఆవిరి పడవలు వచ్చాయి, ఈ ఆడవాళ్ళ పని పోయింది. స్టాక్‌హోమ్‌ని అందమైన నీటి నగరం అని అందరూ మెచ్చుకుంటారు. ఆ నీటి మీద చేతులు కాయలు కాచిన వాళ్ళని కూడా మనం ఒకసారి తలుచుకోవాలి.

నీళ్ళ సంగతి వచ్చింది కనక ఇంకొక్క మాట. చుట్టూ నీళ్ళే వున్నా తాగడానికి శుభ్రమైన నీళ్ళుండేవి కావు. 1834లో కలరా వచ్చి ఆ ఊళ్ళో మూడువేల మందికి పైగా పోయారు. గొట్టాల్లో శుద్ధి చేసిన నీళ్ళు 1861లో మొదలయ్యాయి. ఇవాళ మేలారెన్ సరస్సు నీళ్ళు కుళాయి కింద దోసిలి పట్టి తాగుతారు. మన ఇళ్ళల్లో ఫిల్టరు నీళ్ళు అలవాటైన నాకు మొదటిరోజు గుటక పడలేదు!

ఈ మెట్ట మీదే 'ఫ్యెల్‌గాతన్' అనే వీధి వుంది. అక్కడ అన్నా లిండ్‌హాగెన్ పేరుతో చిన్న తోట చూశాం. ఆవిడ 1870లో పుట్టింది. ఆడవాళ్ళకి ఓటు కావాలని పోరాడింది, నగర సభలో సభ్యురాలైంది. స్వీడన్‌లో స్త్రీలు పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేసింది 1921లో. పాత ఇళ్ళు కూల్చవద్దని గట్టిగా నిలబడిన వాళ్ళలో ఆవిడ ఒకరు. పెరడు లేని కూలి కుటుంబాలకి ఊరి అంచున తలా కాస్త నేల ఇప్పించి, కూరలూ పూలూ పండించుకునే ఏర్పాటు చేయించింది. ఆ తోటలు ఎరిక్స్‌డాల్ దగ్గర ఇప్పటికీ వున్నాయి. బొమ్మరిల్లంత గుడిసె, నాలుగు బంగాళదుంప మళ్ళు, సోంపు ఆకులా కనిపించే దిల్లు ఆకు, గులాబీలు. మా చెల్లెలు కంచె అవతల పని చేసుకుంటున్న ముసలావిణ్ణి పలకరించింది. ఆవిడ గుప్పెడు దిల్లు ఆకు కోసి ఇచ్చింది. ఆ రాత్రి అది పప్పులో వేస్తే మా మరిది "ఇదేం కొత్త ఆకుకూర!" అని రెండోసారి వడ్డించుకున్నాడు.

కానీ ఒక్కటి చెప్పాలి. సోడర్మాల్మ్ ఇళ్ళు నిలిచాయి గానీ, ఆ కూలివాళ్ళు ఇప్పుడక్కడ లేరు. కూలీల పేట షోకైన పేట అయింది. వీధి వీధికీ కాఫీ హోటళ్ళు, బట్టల దుకాణాలు. ఇళ్ళ ధరలు ఆకాశంలో వున్నాయి. ఇల్లు కాపాడుకోవడం ఒకెత్తు, అందులో వుండేవాళ్ళని కాపాడుకోవడం ఇంకొకెత్తు. రెండోది ఏ ఊరికీ సులువుగా చేతకాలేదేమో అనిపించింది.

మూడోది ఉత్తరపు మెట్ట, నోర్మాల్మ్. ఇందాక అన్నానే, కూల్చిన చోట ఏమైందో చెప్తానని, అది ఇక్కడే. ఇక్కడ 'క్లారా' అనే పాతపేట వుండేది. పత్రికాఫీసులు, అచ్చాఫీసులు, చిన్న హోటళ్ళు, రచయితలు, అద్దె గదులు. 1950ల నించి 1970ల దాకా వందలాది ఇళ్ళు కూల్చి, అయిదు పొడుగాటి మేడలు, వెడల్పాటి రోడ్లు, నలుపూ తెలుపూ త్రికోణాల రాళ్ళు పరిచిన సెర్గెల్ చౌకు కట్టారు. కింద మెట్రో రైలు. అన్నీ సౌకర్యమే. కానీ ఆ చౌకులో ఎవరూ ఊరికే కూర్చోరు. వస్తారు, పోతారు. మధ్యలో పాత క్లారా చర్చి ఒక్కటీ మిగిలింది.

అక్కడికి దగ్గరలోనే 'కుంగ్స్‌ట్రెద్‌గోర్డెన్', అంటే రాజుగారి తోట. 1971 మే నెలలో మెట్రో స్టేషను దారి కోసం అక్కడి పాత ఎల్మ్ చెట్లు కొట్టాలని నిర్ణయించారు. చెట్లు కొట్టేవాళ్ళు రాత్రివేళ రంపాలతో వచ్చారు. కబురు తెలిసి జనం పరిగెత్తుకొచ్చి చెట్లెక్కి కూర్చున్నారు, కింద చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. చివరికి నగరపాలకులే వెనక్కి తగ్గారు. స్టేషను 1977లో కట్టారు గానీ, దారి మరోచోట నించి పెట్టారు. ఆ చెట్ల నీడన కాఫీ తాగాం. అప్పటి నించి పాత ఇళ్ళ మీద చెయ్యి వెయ్యాలంటే ఆ ఊళ్ళో పదిసార్లు ఆలోచిస్తున్నారట.

ఇదే పేటలో 'హోటోర్యెట్' వుంది. గడ్డి సంత అని అర్థం. ఇప్పుడక్కడ పూలు, పళ్ళు, కూరలు అమ్ముతారు. పక్కనే నీలం రంగు సంగీతశాల. నోబెల్ బహుమతులిచ్చేది అందులోనే. మన సి.వి.రామన్ గారు 1930లో బహుమతి అందుకున్నారంటే ఈ గోడల మధ్యే. బయట కిలో ఉల్లిపాయలు కొనుక్కుని ఆ మెట్ల మీద కూర్చుంటే, ఎందుకో మనవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది.

నాలుగోది కుంగ్స్‌హోల్మెన్, రాజుగారి లంక. ఒడ్డునే ఎర్ర ఇటుకల నగర సభ భవనం వుంది. 1923లో ప్రారంభించారు. గోపురం ఎత్తు 106 మీటర్లు. అందులో 'నీలి మందిరం' అనే పెద్ద హాలుంది. నోబెల్ విందు జరిగేది దాన్లోనే. తీరా చూస్తే ఎర్రగా వుంటుంది! నీలం వేద్దామనుకున్న శిల్పికి ఇటుకల ఎరుపు నచ్చి అలాగే వదిలేశాడట. పేరు మాత్రం వుండిపోయింది.

అయితే గృహిణులుగా మనం చూడవలసింది ఆ భవనం కాదు. అదే పేటలో జాన్ ఎరిక్సన్ వీధి, ఆరో నంబరు ఇల్లు. 1935లో కట్టారు. కట్టింది స్వెన్ మార్కేలియుస్ అనే శిల్పి, వెనక ఆలోచన ఆల్వా మిర్డాల్ గారిది. ఉద్యోగం చేసే ఆడది ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడాలా? అని ఆవిడ అడిగింది. అందుకని యాభైకి పైగా చిన్న వాటాలు కట్టి, కింద అందరికీ ఒకే వంటశాల పెట్టారు. అక్కణ్ణించి చిన్న లిఫ్టులో భోజనం ఎవరి వాటాకి వాళ్ళకి పైకి వస్తుంది. మాసిన బట్టలు ఒక గొట్టంలో వేస్తే కిందికి జారిపోతాయి. పిల్లల్ని చూసుకోవడానికి కిందనే బాలవాడి. ఇప్పుడా లిఫ్టులు పని చెయ్యడంలేదు గానీ, ఆ ఇంటిని కూల్చకుండా చట్టం చేసి కాపాడుతున్నారు. ఆల్వా మిర్డాల్ 1955 నించి 1961 దాకా మన ఢిల్లీలో స్వీడన్ రాయబారిగా వున్నారు. 1982లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఆ గుమ్మం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఇరవయ్యేళ్ళుగా రోజూ మూడుపూటలా వండుతున్న దాన్ని, నిలబడనూ మరి!

ఇక ఓస్టర్మాల్మ్ డబ్బున్న వాళ్ళ పేట. ఒకప్పుడు దాని పేరుకి అర్థం పశువులశాల నేల. గొప్పవాళ్ళు చేరాక ఆ పేరు చిన్నతనమనిపించిందేమో, 1885లో మార్చుకున్నారు! అక్కడ 1888 నాటి ఇటుకల అంగడి చూడదగ్గది. ధరలు అడక్కండి. పడవెక్కి దాటితే యూర్‌గోర్డెన్ లంక. రైలు టిక్కెట్టే ఆ పడవకీ చెల్లుతుంది. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన 'వాసా' ఓడ అక్కడుంది. 1891లో పెట్టిన స్కాన్సెన్ కూడా అక్కడే. దేశంలోని పల్లెల నించి పాత ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఒక ఇంట్లో పాతకాలపు బట్టలు కట్టుకున్న ఆవిడ పొయ్యి ముందు పల్చని రొట్టెలు కాలుస్తోంది. "మా జొన్నరొట్టెలా వుందే!" అన్నాను తెలుగులోనే. ఆవిడ నవ్వి ఓ ముక్క చేతిలో పెట్టింది.

చివరికి మేముండే పేట. పేరు షిస్తా. 'కే' అక్షరంతో రాసి 'షి' అని పలుకుతారు! 1965 నించి 1974 వరకు, దేశ జనాభా ఎనభై లక్షలు వున్న రోజుల్లో, పది లక్షల ఇళ్ళు కట్టాలని ప్రభుత్వం పూనుకుంది. సైన్యం కవాతులు చేసిన మైదానంలో రింకెబీ, టెన్స్తా, హుస్బీ, షిస్తా లాంటి శివార్లు ఆ ఊపులోనే లేచాయి. ఇవాళ ప్రపంచంలోని అన్ని దేశాలవాళ్ళూ ఇక్కడున్నారు. కంప్యూటరు కంపెనీలున్నాయి కనక మన తెలుగువాళ్ళూ బాగానే కనిపిస్తారు. ఊళ్ళోవాళ్ళలో కొందరు ఈ శివార్లని చిన్నచూపు చూస్తారని మా చెల్లెలి బాధ. వందేళ్ళ కిందట పాత ఊరినీ, సోడర్మాల్మ్‌నీ ఇలాగే చూశారు కదే అన్నాను.

ఇక్కడి అపార్టుమెంట్లలో నాకు బాగా నచ్చింది నేలమాళిగలోని చాకిరేవు గది. అందరికీ కలిపి పెద్ద మిషన్లుంటాయి. ముందుగా మన వంతు రాసుకోవాలి. గడువు దాటకూడదు, గది తుడిచి వెళ్ళాలి. తెలియక నేను ఒకరోజు పావుగంట ఎక్కువ తీసుకున్నాను. మర్నాడు తలుపు మీద చీటీ! చెల్లెలు సిగ్గుతో చచ్చిపోయింది. ఇద్దరం కలిసి ఏలకుల రొట్టె కాల్చి - అక్కడివాళ్ళకి ఏలకులంటే ప్రాణం - ఆ చీటీ రాసినావిడ తలుపు తట్టాం. ఆవిడ కంగారుపడి, తరవాత లోపలికి రమ్మని కాఫీ ఇచ్చింది. రెండేళ్ళుగా పక్క గుమ్మంలో వుంటూ ఒకరి పేరు ఒకరికి తెలీదు!

నేను తిరిగొచ్చే ముందురోజు మా చెల్లెలు స్వీడిష్ నేర్పే బడిలో పేరిచ్చి వచ్చింది. వలసవచ్చి అక్కడ వుండేవాళ్ళకి అది ఉచితం. మొన్న డిసెంబరులో ఫోను చేసింది. చీకటి అలాగే వుందట. కానీ, "పాపకి రేవు ఆడవాళ్ళ కథ చెప్పానక్కా, రోజూ అదే చెప్పమంటోంది" అంది. పక్కింటావిడతో కలిసి తోట నేలకి దరఖాస్తు కూడా పెట్టారట. ఆ వరసలో ఏళ్ళు పడుతుందని నవ్వింది. ఏళ్ళు పట్టే వరసలో నిలబడిందంటే అక్కడ వుండడానికి మనసొప్పిందన్నమాటే కదా!

మీలో ఎందరో పిల్లలు పై దేశాల్లో వున్నారు. రేపు మీరూ వెళ్తారు. వెళ్ళినప్పుడు నాలుగు గోడల మధ్య పచ్చళ్ళు పెడుతూ కూర్చోకండి. మంచి బూట్లు తొడుక్కుని, కూతుర్నో కోడల్నో వెంటబెట్టుకుని రోజుకో పేట తిరగండి. ఇక్కడ నీళ్ళెవరు తెచ్చేవారు, ఇళ్ళెవరు కట్టుకున్నారు, ఎవరు పోయారు, ఎవరు వచ్చారు అని అడగండి. మీరు తిరిగొచ్చాక కూడా ఆ పిల్లకి ఆ వీధులు తోడుంటాయి.

మరి సెలవు.